తిప్పేస్వామి మూల

నేను ఒక సూక్ష్మజీవిని. అదుగో, అప్పుడే ముఖం చిట్లించారు! ఆ మాట వినగానే మీకు జ్వరాలూ, విరేచనాలూ, సబ్బు ప్రకటనలూ గుర్తొస్తాయని నాకు తెలుసు. మా జాతిలో అలాంటివాళ్ళు లేకపోలేదు. మీ జాతిలో లేరా ఏమిటి? నేను మాత్రం వేరుశనగ వేళ్ళను నమ్ముకుని మట్టిలో బతికేదాన్ని. మీ కంటికి ఆనను, చేతికి తగలను. కానీ మీరు బస్సులో కూర్చుని ఒలుచుకు తినే ప్రతి కాయలోనూ, పొద్దున్నే ఇడ్లీకి నంజుకునే చట్నీలోనూ నా కష్టం ఉంది. ఆ సంగతి ఇంతవరకు నాతో ఎవరూ అనలేదు, అందుకే నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

నా పని ఇదీ. గాలి నిండా నత్రజని ఉంటుంది. మొక్కకు అది లేనిదే ఆకు పచ్చబడదు, గింజ గట్టిపడదు. అయినా గాలిలోంచి దాన్ని తీసుకోవడం మొక్కకు చేతకాదు. వంట రాని మగవాడు నిండు బియ్యపు బస్తా పక్కన పస్తు పడుకున్నట్టు ఉంటుంది దాని పరిస్థితి. నేను ఆ నత్రజనిని పట్టి, మొక్క తినేలా వండి పెడతాను. బదులుగా వేరు నాకు తీపి రసం ఇస్తుంది. లేత వేరు మట్టిలోకి దిగుతూనే ఒక వాసన వదులుతుంది, అదే మాకు పిలుపు. పిలవని పేరంటానికి పోయే రకం కాదు మేము. పిలుపు అందాక, పిల్లవేరు మొలిచిన చోట సన్నని పగులు చూసుకుని లోపలికి వెళతాం. అక్కడ చిన్న బుడిపె లేస్తుంది. దాని లోపల ఎర్రగా ఉంటుంది, అచ్చం మీ నెత్తురులా. ఈ ఎరుపు సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, నా కథ అడ్డం తిరిగింది దానివల్లే.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. నాకు తల్లీ తండ్రీ లేరు. నేనే రెండుగా విడిపోతాను, ఆ రెండూ మళ్ళీ విడిపోతాయి. బుడిపెలోకి వెళ్ళిన వాళ్ళలో చాలామంది ఆ బుడిపెతోనే కుళ్ళిపోతారు, మిగిలినవాళ్ళం మట్టిలోకి తిరిగి వస్తాం. అందుకని 'నేను' అన్నప్పుడల్లా నా వెనక చచ్చిపోయిన వాళ్ళందరూ నిలబడి ఉంటారు.

అనంతపురం జిల్లాలో ఒక ఎర్రమట్టి చేను మాది. కాగితాల్లో అది తిప్పేస్వామిది. మనిషి పొట్టి, గొంతు పెద్దది. మధ్యాహ్నం అతని భార్య మారెక్క గంప దించగానే, రాగి సంగటి ముద్దలోంచి చిటికెడు తుంచి, చేని మూలలో నేలమీద పెట్టి, "ముందు మీరు తినండ్రా" అనేవాడు. ఆ తర్వాతే తన నోట్లో పెట్టుకునేవాడు.

"ఎవరికయ్యా ఆ పెట్టేది? చీమలకా, మీ తాతలకా?" అని మారెక్క ఎగతాళి చేసేది.

"ఎవరుంటే వాళ్ళకు. కింద ఎవరో ఒకరు ఉండల్ల గదా. ఊరికే పండుతాదా సేను?" అనేవాడు.

ఆ మాటకు మేమెంత పొంగిపోయామో చెప్పలేను. సంగటి మాకు అక్కరలేదు, మా కూడు వేరులో ఉంది. కానీ మేమంటూ ఉన్నామని ఊహించిన మనిషి అతనొక్కడే.

ఒక కోత కాలంలో తిప్పేస్వామి వేరుశనగ చెట్లు పెరుకుతూ పెరుకుతూ ముందుకు ఒరిగాడు, మళ్ళీ లేవలేదు. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం సొంత చేనిలోనే, ఆ సంగటి మూలలోనే పూడ్చారు. మారెక్క గాజులు అక్కడే పగలగొట్టారు, నుదుటి బొట్టు అక్కడే చెరిపారు. పచ్చ గాజు పెంకులు మా మధ్యకు దిగాయి. ఆ తర్వాత తిప్పేస్వామీ దిగాడు, కొంచెం కొంచెంగా. మట్టిలో ఎవరి పని వాళ్ళకుంటుంది, ఆ పనికి వేరేవాళ్ళున్నారు. నేను చూస్తూ ఉండిపోయాను. కొన్నాళ్ళకు ఏది అతను, ఏది మట్టి అని అడిగితే చెప్పలేకపోయాను. నేను ఈదే తేమలో అతను ఉన్నాడు. నేను రెండుగా విడిపోయినప్పుడు ఆ రెండింటిలోనూ కాస్త ఉన్నాడేమో కూడా. భయం వేసింది. ఆ తర్వాత అలవాటైంది.

మారెక్క ఒక్కతే సేద్యం చేసుకుంది. ఆమెకు పిల్లల్లేరు, మరిది ఎర్రిస్వామి తోడుండేవాడు. మధ్యాహ్నం చిటికెడు సంగటి తుంచి సమాధి మీద పెట్టేది. మాట మాత్రం అనేది కాదు. ఆ మాట అతనిది కదా. పైన అడుగుల చప్పుడు ఆగగానే "తినండ్రా" అన్న కేక కోసం నేను చెవి రిక్కించేదాన్ని. నాకు చెవులు లేవు, మాటవరసకు అంటున్నాను. ఆ కేక రాకపోవడం మాత్రం ప్రతిరోజూ వినిపించేది.

తర్వాత కాలవ వచ్చింది. చేను కాలవ దారిలో ఉందని కొలిచి రాళ్ళు పాతారు. చేతికొచ్చిన పరిహారంతో ఎర్రిస్వామి గుట్ట కింద ఒక నేల చూసి వదినకు కొనిపెట్టాడు. చవగ్గా వచ్చిందని మురిసిపోయాడు. చవగ్గా రాకేం చేస్తుంది? అమ్మినవాడు ముందే పైమట్టిని మూరెడు లోతున గీకి అమ్ముకున్నాడు. ఆ మట్టి ఎక్కడికి పోయిందనుకున్నారు? ఆ కాలవ గట్టు కట్టడానికే! మనుషుల తెలివితేటలు నేలమీద నుంచి చూస్తే ఎలా ఉంటాయో గానీ, కింద నుంచి చూస్తే ఇలాగే ఉంటాయి.

సమాధిని వదిలేసి పోతే పోయినవాడు దిక్కులేనివాడవుతాడని, మట్టి తీసుకుపోయి కొత్త చోట తిన్నె కట్టాలని వాళ్ళ పెద్దలు చెప్పారు. మారెక్క గంపలో తిప్పేస్వామి పాత పంచె పరిచి, ఆ మూల మట్టి తవ్వి నింపుకుంది. గంప నిండా మేము, గాజు పెంకులు, అతను. నెత్తిన పెట్టుకుని నడిచింది. "బరువెక్కువైతే నేను మోస్తా ఇయ్యి వదినా" అని మరిది అడిగితే, "ఈ బరువు నాదేలే నాయనా" అంది.

కొత్త చేని మూలలో మమ్మల్ని దించి, తిన్నె పోసి, పైన ఒక రాయి పెట్టి, నీళ్ళు చల్లింది. తడి పట్టుకుని నేను అంచులు దాటి చుట్టూ నేలలోకి పాకాను. పాకి, ఆగిపోయాను. అక్కడ ఎవరూ లేరు. మట్టి అంటే సంత లాంటిది. అరుపులు, బేరాలు, తన్నులాటలు, పెళ్ళిళ్ళు, చావులు అన్నీ ఉంటాయి. ఇక్కడ వానపాము జాడ లేదు, కుళ్ళిన ఆకు లేదు, వేరు చచ్చిన గుర్తు కూడా లేదు. పిలిచాను. ఎవరూ పలకలేదు. ఊరు ఊరంతా ఒకేసారి లేచిపోయాక ఒక ఇంట్లోకి దీపం లేకుండా అడుగుపెట్టినట్టుంది. దయ్యాలకు కూడా ఎవరో ఒకరు బతికినవాళ్ళు కావాలి, అక్కడ అదీ లేదు. నేను వెనక్కి తిన్నె దగ్గరికి వచ్చి, తిప్పేస్వామి పక్కన ఒదిగి కూర్చున్నాను.

వాన పడింది. మారెక్క చేనంతా వేరుశనగ విత్తింది. ఎర్రిస్వామి అప్పుడు తలకొట్టుకుంటూ చెప్పాడు, ఈ పంట రాకపోతే బెంగుళూరు వలస పోయి ఇటుకలు మోయడం తప్ప దారి లేదని, రెండోసారి కూడా రాకపోతే భూమి అమ్ముకోవాల్సిందేనని. అమ్మితే తిన్నె కూడా అందులోనే పోతుంది. ఆమె తిన్నె వైపు చూసింది.

మొలకలు లేచాయి. లేత వేళ్ళు వాసన వదిలాయి. చేనంతటా పిలుపులే, అందుకోవడానికి తిన్నె చుట్టూ ఉన్న మేము కొద్దిమందిమి తప్ప ఎవరూ లేరు. మా చేతికందిన మొక్కల్లోకి మేము వెళ్ళాం. దూరంగా ఉన్నవి పిలిచి పిలిచి ఊరుకున్నాయి. ఆ అరుపులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. నెల దాటేసరికి తిన్నె చుట్టూ మంచం పట్టేంత మేర మొక్కలు నలుపు తిరిగిన పచ్చగా, మోకాలికి తగిలేట్టు ఎదిగాయి. మిగిలిన చేనంతా కామెర్లు వచ్చినట్టు పాలిపోయి నేలకంటుకుంది. ఎర్రిస్వామి యూరియా తెచ్చి చల్లితే కొన్నాళ్ళు పచ్చబడి, ఒక పెద్ద వాన రాగానే మళ్ళీ మొదటికొచ్చింది.

దారిన పోయేవాళ్ళు ఆగి చూడసాగారు. మొదట నవ్వారు. తర్వాత గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. సచ్చినోడు తన చుట్టూ ఉన్నదే పండించుకుంటున్నాడట, మిగతా చేని సారమంతా పీల్చేస్తున్నాడట! చేసేది మేము, పేరు అతనికి. కోపం రావాల్సిన మాటే. రాలేదు. ఎందుకంటే వాళ్ళు అన్నదాంట్లో అబద్ధం ఎంతో నాకే సరిగ్గా తెలియదు.

కలుపు తీయడానికి వన్నూరమ్మ ఆడకూలీలను వెంటేసుకుని వచ్చింది. మాట కరుకు, చెయ్యి చురుకు. మూలకు వచ్చేసరికి, ఇంత ఏపుగా ఎందుకుందో చూద్దామని ఒక మొక్కను వేళ్ళతో సహా పెరికింది. వేళ్ళ నిండా బుడిపెలు. పురుగు పట్టిందేమోనని ఒకదాన్ని గోటితో చిదిమింది. వేలు ఎర్రబడింది.

"అమ్మో! నెత్తురు మ్యా!"

అందరూ మూగారు. ఇంకొకామె ఇంకోటి చిదిమింది. అదీ ఎరుపే. ఒకామె పరుగున పోయి పాలిపోయిన చోట ఒక మొక్క పెరికి చూసింది. వేళ్ళు బోడిగా ఉన్నాయి, ఒక్క బుడిపె లేదు. ఇంక అనుమానమేముంది?

"ఆయప్ప నెత్తురే యేర్లలోకి ఎక్కిండాది" అంది వన్నూరమ్మ, చేతిని మట్టికి రుద్దుకుంటూ. "మారెక్కా, తప్పుగా అనుకోవద్దు. పిల్లలు గలోళ్ళం. ఆ తిన్నె ఆడ ఉన్నన్నాళ్ళు మేం ఈ సేన్లో కాలు పెట్టం."

"ఏండ్ల తరబడి చెనిక్కాయ పెరికినారు, యేరుగడ్డలు ఎప్పుడూ సూడ్లేదా?" అంది మారెక్క.

"సూసినాం. చిదిమి ఎవురు సూసినారు?"

అదీ నిజమే. ఎన్నో తరాలుగా మమ్మల్ని మట్టితో పాటు దులిపేశారే గానీ, లోపల ఏముందని ఒక్కరూ చూడలేదు. చూసిన మొదటి రోజే దయ్యమన్నారు!

ఆ రోజు నుంచి కూలీలన్నవాళ్ళు రాలేదు. మారెక్క ఒక్కతే వంగి వంగి కలుపు తీసింది. ముందు తీసింది వెనక మొలిచింది. చివరికి ఎర్రిస్వామి గుట్ట మీద గుడిసెలో ఉండే గురప్పను పిలుచుకొచ్చాడు. దయ్యాలు వదిలిస్తాడని ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి. గురప్ప తిన్నె చుట్టూ తిరిగి, మట్టి చేతిలోకి తీసుకుని, పచ్చ గాజు పెంకు చూసి తల పంకించాడు.

"పోయినోడికి ఉన్నోళ్ళ మీద ఆశ చావలేదు. ఈ మట్టి తవ్వి, పారే నీళ్ళలో ఇడిసిపెట్టండి. ఆయప్ప పోతాడు, మీరు బతుకుతారు."

"పారే నీళ్ళు ఇంకెక్కడున్నాయి, కాలవే గదా" అన్నాడు ఎర్రిస్వామి.

మారెక్క ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. ఒక ముసురు పట్టిన పొద్దున పార తీసుకుని తిన్నె విప్పింది. రాయి పక్కకు దొర్లించింది. తన చేత్తో కట్టినది తన చేత్తోనే తవ్వి గంపకెత్తింది. మళ్ళీ ఆ నెత్తి మీదికే ఎక్కాం. ఎర్రిస్వామి ముందు నడిచాడు.

కాలవ గట్టు ఎక్కి నిలబడ్డారు. నీళ్ళు నిండుగా, ఎర్రగా, తొందరగా పోతున్నాయి. ఆ నీళ్ళ అడుగున సిమెంటు, సిమెంటు కింద మా పాత చేను. అక్కడ ఉండిపోయిన నా వాళ్ళు ఉన్నారో లేరో తెలియదు. ఆమె కాళ్ళ కింది గట్టులో మా కొత్త చేని పైమట్టి. మేమందరం అక్కడే ఉన్నాం, ఒకరికొకరం అందకుండా. గంప అంచున నేను మొదటిసారి మనుషుల్లా దేవుణ్ణి తలుచుకున్నాను. దేవుడు దొరక్క, తిప్పేస్వామిని తలుచుకున్నాను.

"ఏసేయ్ వదినా" అన్నాడు ఎర్రిస్వామి, ముఖం పక్కకు తిప్పుకుని.

మారెక్క గంప దించింది. నీళ్ళ వైపు చూసింది. గంపలోకి చూసింది.

"మీ అన్నకు ఈత రాదు గదప్పా" అంది. "బాయిలో దిగల్లంటేనే వణికేటోడు. దీంట్లో నేను తొయ్యల్లనా?"

"సచ్చిపోయినోడికి ఈతేంది వదినా!"

"సచ్చిపోయినోడైతే ఇంక భయపడేదేంది మీరంతా?"

ఎర్రిస్వామి కాలవలోకి చూశాడు. "మరి కూలోళ్ళు రారు గదా. సేను పోతాది" అన్నాడు మెల్లగా.

ఆమె గంప ఎత్తుకుంది. "ఒక్క తావులో కూసున్నాడు గాబట్టి దయ్యం అంటాండారు. సేనంతా తిరుగుతాంటే రైతు అంటారు. పద."

తిరిగి వచ్చి, మమ్మల్ని దిబ్బ ఎరువులో కలిపింది. కలిపేటప్పుడు దొరికిన గాజు పెంకులు ఏరి కొంగున కట్టుకుంది. తర్వాత విత్తనం చల్లినట్టు చేనంతా తిరిగి మమ్మల్ని చల్లింది. ఈ చివర నుంచి ఆ చివరకు, ఏ సాలునూ వదల్లేదు. ప్రతి పిడికిలి విప్పేటప్పుడూ కాస్త ఆగేది. అప్పుడు ఏడ్చింది. బాగా ఏడ్చింది. ముసురు కాబట్టి సరిపోయింది, ఎండగా ఉంటే మేము సగం దారిలోనే మాడిపోయేవాళ్ళం. ఆమెకు అది తెలిసి చేసిందా అంటే, లేదు. ఎండ కాసే దాకా ఆగితే మనసు మారిపోతుందని భయపడింది, అంతే.

గంప ఖాళీ అయ్యాక మూలకు పోయి చూసింది. నేల చదునుగా ఉంది. భూమి మిగిలింది. భూమి మీద కూర్చుని ఏడవడానికి ఆమెకు ఇదీ అని ఒక చోటు మిగల్లేదు.

ఆ ఏడు ఆ పచ్చటి మూలలో పండిన కాయలు తప్ప చేతికేమీ రాలేదు. వాటిని విత్తనానికి దాచిపెట్టి, మారెక్క బెంగుళూరు పోయి ఇటుకలు మోసింది. మేము ఎండాకాలమంతా ఎవరికి వాళ్ళం, చేనంతా చెల్లాచెదరుగా, మాడిపోతూ, విడిపోతూ, చచ్చిపోతూ గడిపాం. నాకు మొదటిసారి ఒంటరితనం తెలిసింది. అయితే ఎటు పాకినా ఆ తడిలో తెలిసిన రుచి ఏదో తగిలేది. అతను కూడా నాలాగే చెదిరిపోయి, చేనంతా తిరుగుతూ ఉన్నాడు.

మళ్ళీ వాన పడింది. మారెక్క తిరిగి వచ్చి విత్తింది. వేళ్ళు దిగాయి. పిలిచాయి. ఈసారి ఏ పిలుపూ ఊరికే పోలేదు. ఇక్కడున్నాం, అక్కడున్నాం, అంతటా ఉన్నాం. చేను ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒకే పచ్చన తిరిగింది.

ఇక చూడాలి మనుషుల సంబరం! విత్తనం మంచిదన్నాడు ఎర్రిస్వామి. "నేను చెప్పిన మందు పారింది" అన్నాడు గురప్ప, నీళ్ళలో కలపమన్నది మట్టిలో కలిపిన సంగతి తెలియక. వన్నూరమ్మ తన మందతో వచ్చి కలుపు తీసింది. "తిన్నె తీసినాక సూడు, ఎట్ల కళ వచ్చిండాదో! పీడ ఇరగడైంది పో" అంది. చేతుల నిండా ఎరుపు బుడిపెల వేళ్ళు తగులుతున్నా ఈసారి ఒక్కరూ చిదిమి చూడలేదు. భయపడటానికి ఒక చోటు లేకపోతే మీకు భయమే వేయదు కాబోలు.

మధ్యాహ్నం కూలీలంతా చెట్టు నీడకు పోయారు. మారెక్క ఒక్కతే గంపలోంచి సంగటి తీసి, చిటికెడు తుంచి, అలవాటు కొద్దీ మూలకు నడిచింది. మూలలో ఏమీ లేదు. అక్కడా అదే పచ్చ, ఇక్కడా అదే పచ్చ. వెనక్కి వచ్చింది. నాలుగు సాళ్ళు దాటింది, ఆగింది. ఇంకో నాలుగు దాటింది. ఆ చిటికెడు ముద్ద చేతిలో పట్టుకుని చేని మధ్యలో నిలబడిపోయింది.

"యాడ పెట్టల్లయ్యా?" అంది.

నేను ఆమె అరికాలి కిందే ఉన్నాను. నాకు నోరుంటే ఆ ఒక్క మాటకు జవాబు చెప్పి, తర్వాత ఎన్ని జన్మలైనా మూగగా ఉండేదాన్ని.

ఆమె అక్కడే గొంతుక్కూర్చుంది. ఎదురుగా ఉన్న మొక్కను పెరికి, మట్టి దులిపి, వేళ్ళను దగ్గరగా పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. ఒక బుడిపెను గోటితో చిదిమింది. అందులో ఉన్నది నేనే, ఆ గోటి కింద పోయిందీ నేనే. బాధ లేదు. వేలి కొనకు ఎరుపు అంటింది. చుట్టూ ఒకసారి చూసింది, ఎవరూ ఇటు చూడటం లేదు. ఆ వేలిని మెల్లగా ఎత్తి నుదుటి మీద పెట్టుకుంది. చెరిపేసిన చోటే పెట్టుకుంది.

తర్వాత సంగటిని సాలులోకి విసిరేసింది, ఎటు అని చూడకుండా.

"యాడుంటే ఆడ తిను" అంది.

ఆ పూట చేను చేనంతా తిన్నాం.